మూడు తరాలతో ఒకే బస్సులో శ్రీశైలం: విజయవాడ నుంచి చేసుకోవలసిన ఏర్పాట్లు

తాతయ్యలు, నానమ్మల దగ్గర నుంచి చంకబిడ్డల దాకా ముప్పై నలభై మంది కలిసి బస్సు మాట్లాడుకునే కుటుంబాలు మొదట చూడవలసిన స్థలాల జాబితా రాసుకుంటాయి. దానికన్నా ముందు బస్సు ఎక్కడెక్కడ ఆగాలో రాసుకోవాలి. డెబ్భై దాటిన పెద్దలూ, అయిదేళ్ళలోపు పిల్లలూ రెండు గంటలకొకసారి దిగక తప్పదు. వారి సంగతి తేలితే మిగతా కార్యక్రమం దానంతటదే కుదురుకుంటుంది.

శివరాత్రి, కార్తీక సోమవారాలు, కన్నడ భక్తులు పెద్ద సంఖ్యలో తరలివచ్చే ఉగాది రోజులు పెద్దలతో వెళ్ళేందుకు అనువైనవి కావు. తేదీ అనుకోగానే ముందు గదులు ఖాయం చేసుకుని, ఆ తరువాతే బస్సుకు అడ్వాన్సు ఇవ్వాలి. మోకాళ్ళ నొప్పులున్న వారికి కింది అంతస్తు గదులే అడగాలి.

విజయవాడ నుంచి కనకదుర్గ వారధి దాటి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా శ్రీశైలం దాదాపు 260 కిలోమీటర్లు. దోర్నాల దాటాక దారి పులుల అభయారణ్యంలో సాగుతుంది. అక్కడి అటవీ శాఖ గేటును రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6 గంటలకు తెరుస్తారు కనుక, రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి దర్శనం చేసుకుందామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితే నరసరావుపేటలో టిఫిను, పొద్దెక్కేలోపు త్రిపురాంతకంలో దర్శనం ముగించుకుని, వెలుతురుండగానే ఘాట్ ఎక్కవచ్చు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా భావించే త్రిపురాంతకాన్ని దారిలో ఉండి కూడా చాలామంది వదిలేస్తారు, అది లోటే.

బస్సు మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగితే చాలదు. లెక్క బస్సు ఉండే షెడ్డు నుంచి మళ్ళీ షెడ్డుకా లేక మనం ఎక్కిన చోటు నుంచా, రోజుకు కనీస కిలోమీటర్లు ఎన్ని, డ్రైవరు బత్తా, టోల్, పార్కింగు ఎవరివి అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్ (బస్సును మొత్తంగా అద్దెకు తిప్పే అనుమతి), ఫిట్‌నెస్, బీమా పత్రాలు చూడాలి. ఆనకట్ట దిగువన వంతెన దాటితే తెలంగాణ కనుక, అటు వెళ్ళే ఉద్దేశం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని మామూలుగా రోజుకు 8 గంటలకు పరిమితం చేసి, 5 గంటల పని తరువాత కనీసం అరగంట విరామం ఇవ్వమంది; 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. వెళ్ళిన రోజే తిరిగి రావాలంటే డ్రైవరు ఆ 8 గంటలకు దాదాపు రెట్టింపు పని చేయవలసి వస్తుంది. అందుచేత రాత్రి బస తప్పనిసరి, డ్రైవరుకు పడుకునే చోటు చూపడం మన బాధ్యతే.

సీట్ల విషయం బస్సెక్కాక తేల్చుకుందామనుకుంటే కిటికీ దగ్గరే గొడవ మొదలవుతుంది. వెనుక చక్రాల మీద, ఆ వెనుక కుదుపు ఎక్కువ కాబట్టి అక్కడ కుర్రకారును కూర్చోబెట్టి, పెద్దలకు ముందు వరుసలూ మధ్య వరుసలూ ఇవ్వాలి. ఘాట్‌లో వాంతులయ్యే వారిని రోడ్డు కనబడేలా ముందుకు మార్చాలి. బస్సు మొదటి మెట్టు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది. ఒక గట్టి చెక్కపీట డిక్కీలో కాకుండా తలుపు పక్కనే ఉంచి, ఆగిన ప్రతిచోటా దాన్ని కింద వేసి, నానమ్మ చేయి పట్టుకుని దింపే పని ఒక మనవడికి ప్రత్యేకంగా అప్పగించాలి.

ఇన్సులిన్, బీపీ మాత్రలు వేడెక్కే డిక్కీలో పెట్టకూడదు; ఎవరి మందుల సంచి వారి ఒళ్ళోనే ఉండాలి. పులిహోర, పెరుగన్నం పెద్ద గిన్నెల్లో కన్నా పొట్లాలుగా కట్టుకుంటే మేలు, మధుమేహం ఉన్నవారు టిఫిను కోసం అందరితోపాటు ఎదురుచూడనవసరం లేకుండా వేళకు తినగలుగుతారు.

శ్రీశైలంలో అందరూ అన్నిచోట్లకూ వెళ్ళాలన్న పట్టుదల వద్దు. సాక్షి గణపతి రోడ్డు పక్కనే ఉంటుంది, పెద్దలకు సులువు. పాలధార పంచధారకు మెట్లు చాలా దిగాలి, అది కుర్రవాళ్ళకే వదిలేయవచ్చు. పాతాళగంగకు రోప్‌వే ఉన్నా, క్యూ చూసుకుని నిర్ణయించుకోవాలి. అడవిలో ఫోన్లు సరిగా అందవు కనుక, మళ్ళీ కలిసే చోటూ సమయమూ బస్సు దిగకముందే చెప్పుకోవాలి.

ఖర్చు వాటాలు బయలుదేరక ముందే వసూలు చేయాలి, లెక్క ఒక్కరే రాయాలి. ఆ పని కొత్త అల్లుడికి మాత్రం అప్పగించకూడదు. అతను అడగలేడు, అత్తవారు నిలదీయలేరు. తిరుగు ప్రయాణంలో నరసరావుపేట, గుంటూరు వారు దిగేటప్పుడే వారి లెక్క తేల్చాలి. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోకి పెద్ద బస్సు రాదు కాబట్టి, అక్కడి పెద్దల కోసం మెయిన్ రోడ్డు మీదికి ఆటోలను ముందుగానే చెప్పి ఉంచాలి.