మసక కళ్లకు పక్షుల ఫొటోగ్రఫీ – 4: ముందు తీగ, తర్వాత పిట్ట

కిందటి పాఠంలో వ్యూఫైండర్ (కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ) పక్కనుండే చిన్న చక్రాన్ని, అంటే డయాప్టర్‌ను, మన కంటికి సరిచేసుకున్నాం. కళ్లద్దాల నంబరు మారితే దాన్ని మళ్లీ తిప్పుకోవాలి. ఈసారి ఎగిరే పిట్ట వెంట లెన్స్ తిప్పే పని పక్కన పెడదాం. చూపు బాగున్నవాళ్లకే అది చేతికి రావడానికి తలప్రాణం తోకకొస్తుంది. మనం పిట్ట వాలే చోటును ముందే పట్టుకొని కూర్చుందాం.

దీనికి పాలపిట్ట చాలా అనువైనది. పొలాల పక్క కరెంటు తీగ మీద కూర్చుని నేలమీద పురుగు కదలగానే దూకుతుంది, ముక్కున పట్టుకొని చాలాసార్లు అదే తీగకో పక్క తీగకో తిరిగొస్తుంది. నల్లగొండ దగ్గర పానగల్ వైపు పొలాల్లో గానీ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల మెట్ట చేన్లలో గానీ పొద్దున పూట తీగలు గమనించండి. తెలంగాణ రాష్ట్ర పక్షి కదా, దసరాకు దాన్ని పంజరంలో తెచ్చి చూపిస్తారు కొందరు. వాళ్లకు పైసా ఇవ్వకండి, పిట్టను అలా బంధించడం చట్టరీత్యా నేరం.

సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎండకు ఎదురు నిలిస్తే పిట్ట నల్లటి మచ్చలా వస్తుంది, శుక్లాలున్న కంటికైతే వెలుగు చెదిరి ఏమీ ఆనదు. ఇప్పుడు తీగను వెతకాలి. సన్నటి తీగ కోసం జూమ్ చేసి గాలించకండి. జూమ్ పూర్తిగా వెనక్కి తీసి ముందు స్తంభాన్ని పట్టుకోండి. లావుగా, నిలువుగా ఉంటుంది కాబట్టి ఎంత మసకలోనైనా దొరుకుతుంది. స్తంభం మీదుగా పైకి, అక్కడి నుంచి తీగ వెంట పక్కకు జరుగుతూ మెల్లగా జూమ్ చేయండి. పిట్ట ఇంతకుముందు కూర్చున్న చోట ఆగి, ట్రైపాడ్ బిగించేయండి.

ఫోకస్ కూడా అక్కడే, తీగ మీదే చేసి మాన్యువల్‌లోకి మార్చండి. అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్/8 పెడితే 400 ఎం.ఎం. లెన్స్‌తో ఇరవై మీటర్ల దూరంలో దాదాపు ఒక మీటరు లోతు వరకు స్పష్టంగా వస్తుంది. పిట్ట జానెడు ముందో వెనకో వాలినా ఫర్వాలేదు. షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటో, నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు పడే పద్ధతి పెట్టండి. ఫ్రేములో పిట్టకు అటూ ఇటూ బాగా ఖాళీ వదలండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

ఇక వ్యూఫైండర్ నుంచి కన్ను తీసేయండి. చేతిలో రిమోట్ ఉంటే చాలు. చూపు నడుమ భాగం పోయినవాళ్లకు, అంటే మాక్యులా దెబ్బతిన్నవాళ్లకు, ఓరచూపు మిగిలే ఉంటుంది. కదలికను పట్టడంలో ఓరచూపు దిట్ట. తీగకు కొంచెం పక్కకు చూస్తూ ఉంటే పిట్ట వస్తున్నట్టు తెలిసిపోతుంది. వాలబోయే క్షణంలో రెక్కలు విప్పుతుంది, ఆ నీలం అప్పుడే పూర్తిగా కనిపిస్తుంది. అది వాలేదాకా ఆగకండి, కదలిక తెలియగానే నొక్కేయండి. గ్లాకోమా ఉన్నవాళ్ల సంగతి వేరు. పక్క చూపు తగ్గుతుంది కాబట్టి తోడుగా వచ్చినవాళ్లు "వస్తోంది" అని చెప్తేనే సులువు. చెరువు కట్ట మీదికీ గట్ల మీదికీ ఎవరూ ఒంటరిగా వెళ్లొద్దు, అందులో టెన్షన్ తప్ప లాభం లేదు.

వచ్చే భాగం దాకా ఇంటి పని: డాబా మీద బట్టలారేసే తీగకు ఒక క్లిప్పు పెట్టండి. తీగ కట్టిన కర్రతో మొదలుపెట్టి క్లిప్పు దాకా లెన్స్‌ను తీసుకెళ్లడం రోజూ చేయండి. మాన్యువల్ ఫోకస్ బటన్ చేతికి దొరక్కపోతే దాని మీద చిన్న బొట్టుబిళ్ల అంటించండి. తీసిన వందల ఫొటోల్లోంచి పనికొచ్చేవి టీవీ తెర మీద ఏరుకోవడం అయిదో పాఠంలో.