వెదురు బాణానికి ఈకలు ఎంచుకునే విధానం

ఈకలు ఎంచుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: బాణం విల్లును ఏ తీరుగా దాటి వెళుతుంది, దాని కొనకు ఎలాంటి ములికి ఉంది. ఈ రెండూ చూడకుండా రంగునో, అందాన్నో బట్టి ఈకలు కట్టిన బాణం పది మీటర్ల దూరంలో బాగానే తగిలినా, ముప్పై మీటర్లకు వెళ్లేసరికి తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కొరాపుట్, మల్కాన్‌గిరి ప్రాంతాల తెలుగువారిలో విల్లు నేర్చుకుంటున్న పిల్లలను, నేర్పుతున్న పెద్దలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువులను వేటాడటం నేరం. చైత్రమాసపు పండుగలకు విల్లు పట్టి అడవికి వెళ్లే ఆచారం ఉన్న కొండ గ్రామాలకూ ఇదే చట్టం వర్తిస్తుంది. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా గురిపలకపై వేసే బాణం గురించి, ముఖ్యంగా వెదురు విల్లుతో 30, 50 మీటర్ల దూరాల్లో ఆడే ఇండియన్ రౌండ్ పోటీల గురించి. అయితే వేటకు అనుమతి ఉన్న అమెరికా వంటి దేశాల్లో విల్లు పట్టేవారు ఈకల విషయంలో గ్రహించిన సూత్రాలు మనకూ పనికొస్తాయి.

మన వెదురు విల్లుకు బాణాన్ని ఆనించే ప్రత్యేకమైన అమరిక సాధారణంగా ఉండదు. బాణం పిడికిలి మీదుగానే, విల్లుబద్దను రాసుకుంటూ వెళుతుంది. పక్షి ఈక అలా రాసుకున్నప్పుడు ఒదిగి, దాటిన వెంటనే మళ్లీ నిలబడుతుంది. ఈకకు బదులు అతికించే ప్లాస్టిక్ రెక్క అంతగా ఒదగదు కాబట్టి విల్లుకు తగిలి బాణాన్ని పక్కకు నెడుతుంది. ప్లాస్టిక్ రెక్కలు వానకు చెడవు, ఎక్కువ కాలం మన్నుతాయి. అయినా పిడికిలి మీదుగా వేసే విల్లుకు వాటిని కొనవద్దనే నా గట్టి సలహా. బరువులోనూ తేడా ఉంది. నాలుగు అంగుళాల పక్షి ఈక సుమారు మూడు గ్రెయిన్లు, అంటే గ్రాములో అయిదో వంతు మాత్రమే తూగుతుంది; అదే పొడవున్న ప్లాస్టిక్ రెక్క దానికి రెండు మూడింతలు ఉంటుంది. తోక తేలికైనకొద్దీ బాణపు బరువు ముందుకు జరిగి, అది త్వరగా కుదురుకుంటుంది.

ఇక ములికి. గురిపలకకు వాడే సన్నని గుండ్రటి ములికి గాలిని పెద్దగా పట్టదు కనుక నాలుగు అంగుళాల ఈకలు మూడు సరిపోతాయి. వేటగాళ్లు వాడే వెడల్పాటి అలుగు అలా కాదు: ముందు భాగంలో అది కూడా ఒక రెక్కలా పనిచేసి, బాణాన్ని తనవైపు తిప్పాలని చూస్తుంది. దాన్ని అదుపులో ఉంచడానికి వారు అయిదు అంగుళాల ఈకలు మూడు గాని, కొంచెం పొట్టివి నాలుగు గాని, కాస్త మెలికతో అతికిస్తారు. మెలిక వల్ల బాణం తన చుట్టూ తాను తిరుగుతూ స్థిరపడుతుంది, కాని గాలి నిరోధం పెరిగి వేగం తగ్గుతుంది. 50 మీటర్ల పోటీకి అంత పెద్ద ఈకలు నష్టమే చేస్తాయి.

ఈక ఎక్కడి నుంచి తేవాలి? టర్కీ కోడి లేదా పెంపుడు పెద్దబాతు రెక్కలోని పొడవాటి, గట్టి ఈకలు మంచివి. మెత్తగా ఉండే ఒంటి ఈకలు పనికిరావు. రాబందు, నెమలి రెండూ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న పక్షులు. వాటితో సహా ఏ అడవి పక్షి ఈకల జోలికీ పోవద్దు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఒకే వైపు రెక్క ఈకలను ఏరడంలో. కుడి రెక్క ఈకకూ ఎడమ రెక్క ఈకకూ వంపు వేరు. ఒకే బాణానికి రెండూ కలిపితే ఒకటి కుడికి, మరొకటి ఎడమకు తిప్పబోయి బాణం వణుకుతుంది. పరీక్ష సులువే. ఈనె, అంటే ఈక మధ్యలోని గట్టి కాడ మీద గాడి ఉన్న వైపు కిందికి, ఈక మొన మీకు దూరంగా ఉండేలా అరచేతిలో పెట్టి చూడండి. సన్నని పక్క ఎడమ చేతివైపు ఉంటే అది కుడి రెక్కది, కుడి చేతివైపు ఉంటే ఎడమ రెక్కది. ఏ రెక్కదైనా ఫరవాలేదు, బాణానికి మూడూ ఒకే వైపువి కావాలి. ఈనెను నిలువుగా చీల్చి, వెడల్పాటి పక్కనే వాడాలి.

అతికించేటప్పుడు ఈనె లావు కొస ములికి వైపు ఉండాలి. ములికి నుంచి బాణం తోకలో నారి పట్టే గాడి వైపు వేలితో నిమిరితే పీచు నున్నగా తగలాలి. మూడు ఈకలకు మధ్య 120 డిగ్రీల ఎడం ఉంచి, నారి పట్టే గాడికి లంబంగా ఉన్న ఈకను వేరే రంగుతో గుర్తించి, అది విల్లుకు ఎదురువైపు ఉండేలా బాణం తొడగాలి. వేళ్లు తగలకుండా ఈకల చివరకూ గాడికీ మధ్య ఒక అంగుళానికి తగ్గకుండా ఖాళీ వదలాలి. లావు కొస దగ్గర ఈనెను ఏటవాలుగా చెక్కి, సన్నని దారం బిగుతుగా చుట్టి, పైన జిగురు పూయడం తప్పనిసరి. పైకి లేచిన ఈనె కొస బాణం వెళ్లే వేగానికి పిడికిలిని చీల్చగలదు. పిల్లల బాణాలనైతే ప్రతిసారీ వేలితో తడిమి చూసిన తర్వాతే వేయనివ్వండి.

ఈకలు బాణపు కర్రలోని లోపాన్ని దాచగలవు గాని సరిచేయలేవు. అందుకని ఈకలు లేని బాణాన్నొకటి, ఉన్నవాటిని రెండు మూడు కలిపి పదిహేను మీటర్ల నుంచి వేసి చూడాలి. కుడిచేత్తో నారి లాగేవారికి ఈకలు లేని బాణం మిగతావాటికి ఎడమగా పడితే కర్ర మరీ బిరుసు, కుడిగా పడితే మరీ మెత్తన. బిరుసుగా ఉంటే బరువైన ములికి పెట్టాలి లేదా కర్రను కొద్దిగా చిత్రిక పట్టాలి. మెత్తగా ఉంటే తేలికైన ములికి పెట్టాలి.

మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలే ఈకలకు శత్రువు. తడిసిన ఈక కర్రకు అంటుకుపోయి పనిచేయడం మానేస్తుంది కాబట్టి సాధన ముగిశాక తుడిచి, నీడలో ఆరబెట్టాలి. నలిగిన ఈకలను మరిగే నీటి ఆవిరిపై కొద్దిసేపు తిప్పితే మళ్లీ నిటారుగా లేస్తాయి. పురుగు పట్టకుండా బాణాల పెట్టెలో కలరా ఉండలు వేయాలి. ఒక ఈక ఊడితే దాని స్థానంలో అదే పొడవు, అదే వైపు రెక్కది దొరికితేనే అతికించాలి. దొరకనప్పుడు మూడూ తీసి కొత్తవి కట్టడమే మేలు.