గోల్ మీ ఫుల్ బ్యాక్ వైపు నుంచి పడిందా? తిట్టే ముందు ఇవి చూడండి: సమస్య - పరిష్కారం

దాళ్వా కోతలయ్యాక అమలాపురం దగ్గర ఒక ఊరి గ్రౌండులో మా కుర్రాళ్లు ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆడారు. స్కోరు 1-1. ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మా రైట్ బ్యాక్ (వెనక వరసలో కుడి అంచు కాచే ఫుల్ బ్యాక్) వైపు నుంచి క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకి కొట్టే బంతి) వచ్చింది, గోల్ పడింది. కాలువ గట్టు మీద కూర్చున్న జనమంతా వాడినే తిట్టారు. నేనూ లైన్ దగ్గర నుంచి "ఎక్కడ చూస్తున్నావురా?" అని అరిచాను.

ఆ రాత్రి వీడియో పెట్టి గోల్ నుంచి పది సెకన్లు వెనక్కి జరిపాను. మా వాడు, నేను చెప్పినట్టే, బంతి కోసం పైకి వెళ్లి ఉన్నాడు. మిడ్‌ఫీల్డ్‌లో మా వాళ్ల పాస్ ఎదుటివాళ్లకి దొరికింది. వాడు వదిలివెళ్లిన ఖాళీలోకి రావాల్సిన కుర్రాడు నిలబడిపోయాడు. మా రైట్ బ్యాక్ నలభై గజాలు వెనక్కి పరిగెత్తుకొచ్చి, కాలు చాపి, అర అడుగు తేడాతో ఆ క్రాస్‌ని అందుకోలేకపోయాడు. ఆ గోల్‌ని ఆపడానికి అందరికంటే ఎక్కువ కష్టపడినవాడికే తిట్లన్నీ పడ్డాయి.

శివారు చేనుకి నీళ్లు అందలేదంటే మనం శివారు రైతుని తప్పు పట్టం. బోదె వెంబడి పైకి నడుచుకుంటూ ఎక్కడ అడ్డం పడిందో చూస్తాం. ఫుల్ బ్యాక్ మన జట్టుకి శివారు రైతు లాంటివాడు. పైన ఎక్కడ తేడా వచ్చినా నష్టం కనిపించేది వాడి దగ్గరే. అందుకే కింది సమస్యల్లో ప్రతిదానికీ కారణాన్ని ఆ క్షణంలో కాకుండా, అంతకు కొన్ని సెకన్ల ముందు వెతకాలి.

ముందుగా వీడియో

బంతి వెంటే ఫోన్ తిప్పుతూ తీసిన వీడియో ఈ పనికి పనికిరాదు. బంతి అటు వైపు ఉన్నప్పుడు ఇటు వైపు వాడు ఎక్కడ నిలబడ్డాడన్నదే మనకి కావాలి. స్కూలు పై అంతస్తు నుంచో, పక్కనున్న డాబా మీద నుంచో, గ్రౌండు వెడల్పు మొత్తం కనిపించేలా ఫోన్‌ని కదలకుండా పెట్టండి. బొమ్మ చిన్నగా వస్తుంది, పర్వాలేదు. ప్రతి ఘటననీ మూడుసార్లు చూడండి: ఒకసారి బంతిని, ఒకసారి ఫుల్ బ్యాక్‌ని మాత్రమే, ఒకసారి వాడి పక్కనున్న స్టాపర్‌నీ (వెనక వరస మధ్యలో కాచేవాడు) ముందున్న మన వింగర్‌నీ (అంచు వెంట దాడి చేసేవాడు). నోట్‌బుక్‌లో నిమిషం రాసి, బంతి ఎక్కడుంది, వాడు ఎక్కడున్నాడు, వాడి ముఖం ఎటుంది అని మూడు ముక్కలు రాసుకుంటే చాలు.

ట్యాకిల్స్ లెక్కపెట్టి మార్కులు వేయకండి. పది ట్యాకిల్స్ చేసినవాడు బాగా ఆడి ఉండవచ్చు. వాడి చోటు సరిగా లేదని కనిపెట్టి ఎదుటివాళ్లు ప్రతి బంతీ వాడి మీదికే వేసి ఉండనూవచ్చు. వాడి వైపు ఎదుటి వింగర్ ఎన్నిసార్లు బంతి తీసుకుని గోల్ వైపు తిరగగలిగాడు, ఎన్ని క్రాసులు అడ్డు లేకుండా కొట్టాడు అన్నవి లెక్కపెడితే నిజం దగ్గరికి వెళ్తాం.

సమస్య: వింగర్ ఎదురుపడిన ప్రతిసారీ దాటిపోతున్నాడు

చూసేవాళ్లు "వాడికి స్పీడు లేదు" అని తేల్చేస్తారు. వీడియో ఆపి కాళ్లు చూడండి.

మా వాడి మొదటి హాఫ్‌లో ఒక ఫ్రేమ్ దగ్గర ఆగాను. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉన్నాయి. మడమలు నేలకి ఆనేశాయి, మోకాళ్లు నిటారుగా ఉన్నాయి. వింగర్‌కీ వాడికీ మధ్య ఒక్క అడుగు. అలా నిలబడితే ఎంత వేగం ఉన్నవాడైనా ఓడిపోతాడు. ఎటు కదలాలన్నా ముందు నడుము మొత్తం తిప్పుకోవాలి, ఆ తిరిగే లోపే వింగర్ రెండు గజాలు వెళ్లిపోతాడు. ఇంకో నాలుగు సెకన్లు వెనక్కి వెళ్తే, వాడలా ఎందుకు నిలబడ్డాడో తెలిసింది. బంతి వింగర్ వైపు దొర్లుకుంటూ వెళ్తున్నంతసేపూ వాడు నడిచాడు. అది వింగర్ కాలికి తగిలాక పరుగు అందుకున్నాడు. ఆ ఊపులోనే మీదికి వెళ్లి, ఆగలేక, బిగుసుకుపోయాడు.

పరిష్కారం ఈ వరసని తిరగేయడమే. బంతి ప్రయాణిస్తున్నప్పుడు పరుగు పెట్టాలి, వింగర్ మొదటి టచ్ వేసేసరికి చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించుకోవాలి. ఆగేటప్పుడు ఒంటిని పక్కకి తిప్పి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచాలి. దూరం చెయ్యి చాపితే అందీ అందనంత. కళ్లు బంతి మీదే ఉండాలి. వింగర్ భుజాలు ఎన్ని ఊపులైనా ఊపుతాయి, బంతి అబద్ధం చెప్పదు.

ఎటు తోలాలన్నది వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. లోపల మనవాళ్లు లేకపోతే లైన్ వైపు తోలాలి. లోపల ఇద్దరు ముగ్గురు కాచుకుని ఉండి, వింగర్‌కి లైన్ వెంట మంచి వేగం ఉంటే లోపలికే రానివ్వవచ్చు. ఎడమ వింగ్‌లో ఆడుతున్న కుడి కాలి ఆటగాడు ఎలాగూ లోపలికి కోసి షాట్ కొట్టాలని చూస్తాడు, అలాంటివాడికి లోపలి దారి మూసేయాలి. ఇది మ్యాచ్ మొదటి ఐదు నిమిషాల్లోనే కనిపెట్టాల్సిన విషయం.

ప్రాక్టీసుకి మేం కొబ్బరి మట్టలు రెండు వరసలు పరిచి ఆరు గజాల వెడల్పున దారి చేస్తాం. మొదటి వారం డిఫెండర్ బంతి లాక్కోకూడదు. ఐదు లెక్కపెట్టేవరకు వింగర్‌ని ముందుకి పోనివ్వకుండా ఆపాలి, అంతే. కుర్రాళ్లకి ఇది చప్పగా అనిపిస్తుంది, కానీ మ్యాచ్‌లో ఆ ఐదు సెకన్లలో మన మిడ్‌ఫీల్డర్ వెనక్కి వచ్చేస్తాడు.

సమస్య: తల మీదుగా వేసిన బంతికి వింగర్ వెనకనుంచి వెళ్లిపోతున్నాడు

ఇక్కడ వాడి ముఖం ఎటుందో చూడండి. చాలాసార్లు ఒళ్లంతా బంతి వైపే తిరిగి ఉంటుంది, వింగర్ వీపు వెనక ఉంటాడు. బంతి కదలనంతసేపూ రెండు మూడు సెకన్లకి ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు లేకపోవడమే కారణం.

మా వాడు అడిగాడు: "మాస్టారూ, వెనక్కి చూస్తే బంతి పోతుంది కదండీ?" మంచి ప్రశ్నే. బంతి ఒకరి కాలి నుంచి బయల్దేరి ఇంకొకరి కాలికి చేరేలోపు దాని దారి మారదు. చూడాల్సింది అప్పుడే. పాస్ ఇవ్వబోయేవాడు కాలు ఎత్తినప్పుడు మాత్రం కళ్లు వాడి మీదే ఉండాలి.

రెండో కారణం వెనక్కి జరగాలో, పైన నిలవాలో తెలియకపోవడం. బంతి ఉన్నవాడి మీద మనవాళ్ల ఒత్తిడి లేదు, వాడు తల ఎత్తి చూస్తున్నాడు అంటే, డిఫెన్స్ లైన్ మొత్తం వెనక్కి జరగాలి. వాడు మనకి వీపు పెట్టి ఉన్నాడు, లేదా మనవాడు మీద పడి ఉన్నాడు అంటే, పైన నిలవచ్చు. స్టాపర్లు పైకి జరిగాక ఫుల్ బ్యాక్ ఒక్కడే గజం వెనక మిగిలిపోతే ఆఫ్‌సైడ్ (పాస్ వేసే క్షణానికి మన చివరి డిఫెండర్‌ని దాటి ఉండడం) కావాల్సినవాళ్లంతా ఆన్‌సైడ్ అయిపోతారు. వాడు బంతినీ వెనక మనిషినీ చూసుకున్నాక స్టాపర్‌ని కూడా ఒకసారి చూడాలి. థ్రో-ఇన్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదని కుర్రాళ్లకి గుర్తు చేస్తూ ఉండాలి. మా గ్రౌండుల్లో థ్రోలు లెక్కలేనన్ని, ఆ ఒక్క విషయం మరిచి పోగొట్టుకున్న గోల్స్ నేను చాలా చూశాను.

సమస్య: అటు వైపు నుంచి క్రాస్, ఇటు వైపు నుంచి గోల్

ఫుల్ బ్యాక్‌లో నేను ముందుగా వెతికేది ఇదే. తన వైపు బంతి ఉన్నప్పుడు ఎవరైనా మేలుకునే ఉంటారు. బంతి అటు వైపు లైన్ దగ్గర ఉన్నప్పుడు వాడేం చేస్తున్నాడన్న దాంట్లో డిఫెండర్ తెలుస్తాడు.

రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకడు తన వింగర్‌ని వదలకుండా లైన్ దగ్గరే ఉండిపోతాడు, లోపల స్టాపర్ ఇద్దరి మధ్య నలిగిపోతాడు. ఇంకొకడు బుద్ధిగా లోపలికి వస్తాడు కానీ బంతినే చూస్తూ గోల్ పోస్టుల మధ్యకి లాగబడిపోతాడు. ఫార్ పోస్ట్ (బంతికి దూరంగా ఉన్న గోల్ పోస్ట్) దగ్గర వింగర్ ఒంటరిగా తల పెడతాడు.

ఉండాల్సిన చోటు సుమారుగా ఫార్ పోస్ట్‌కి ఎదురుగా, చిన్న బాక్స్ గీత దగ్గర. ఆ గీత గోల్ లైన్ నుంచి 5.5 మీటర్లు. వింగర్ కంటే గోల్‌కి దగ్గరగా, ఒంటిని సగం తిప్పి, ఒక కంట బంతి, ఒక కంట వింగర్ కనిపించేలా నిలబడాలి. చూపు చాలకపోతే చెయ్యి వెనక్కి చాపి వింగర్ ఎక్కడున్నాడో తెలుసుకోవచ్చు, పట్టుకోకూడదు. బంతి వచ్చాక దాని కోసం ఎదురుచూడకుండా ముందుకి వెళ్లి కొట్టాలి, కొట్టేది బయటి వైపుకి. మధ్యలోకి కొట్టిన హెడర్ ఎదుటివాళ్లకి ఇంకో అవకాశం.

సమస్య: స్టాపర్‌కీ వాడికీ మధ్య నుంచి బంతి దూరిపోతోంది

టీవీలో చూసి అంత వెడల్పున నిలబడడం ఒక కారణం. పెద్ద మ్యాచ్‌ల గ్రౌండు 68 మీటర్ల వెడల్పు, మా గ్రౌండు అంగలేసి కొలిస్తే 50 అంగలు. అక్కడి దూరాలు ఇక్కడ కుదరవు. ఇంకో కారణం, ఫుల్ బ్యాక్ వింగర్ మీదికి వెళ్లినప్పుడు స్టాపర్ కూడా అటు జరగకపోవడం. అది ఫుల్ బ్యాక్ ఖాతాలో రాయకండి.

కొబ్బరి పీచు తాడు ఒకటి పది గజాలది తెచ్చి, ఒక కొస ఫుల్ బ్యాక్ చేతిలో, ఒక కొస స్టాపర్ చేతిలో పెట్టి బంతి అటూ ఇటూ తిప్పండి. ఒకడు కదిలితే తాడు లాగుతుంది, రెండోవాడికి చెప్పక్కర్లేదు. నాలుగు సాయంత్రాలు అయ్యాక తాడు తీసేయండి.

సమస్య: ఇద్దరి మధ్య వాడొక్కడే చిక్కుకుంటున్నాడు

ఎదుటి వింగర్ లోపలికి వస్తాడు, వాళ్ల ఫుల్ బ్యాక్ బయట నుంచి ఓవర్‌ల్యాప్ (వింగర్‌ని దాటి ముందుకి) వస్తాడు. మనవాడు ఎవరి దగ్గరికి వెళ్లినా రెండోవాడు ఖాళీ. ఇలాంటప్పుడు మన వింగర్ ఎక్కడున్నాడో చూడండి.

2022 వరల్డ్ కప్ ఫైనల్ మొదటి సగం గుర్తు చేసుకోండి. అర్జెంటీనా వింగర్ డి మారియాని ఎడమ వైపు పెట్టింది. ఫ్రాన్స్ రైట్ బ్యాక్ కూండే అసలు స్టాపర్ స్థానం నుంచి వచ్చినవాడు. పెనాల్టీ ఇచ్చుకున్నది మాత్రం అతను కాదు. వెనక్కి వచ్చిన ఫ్రాన్స్ వింగర్ డెంబెలే బాక్స్‌లో డి మారియాని పడేశాడు. 23వ నిమిషంలో మెస్సి గోల్, 36వ నిమిషంలో డి మారియా గోల్. 41వ నిమిషంలో కోచ్ డెషాం తీసేసింది డెంబెలేనీ, సెంటర్ ఫార్వర్డ్ జిరూనీ. కూండే ఎక్స్‌ట్రా టైం దాదాపు చివరిదాకా ఆడాడు. దెబ్బ తగులుతున్న వైపుని బాగుచేయడానికి కోచ్ ముందువాడిని మార్చాడు, ఫుల్ బ్యాక్‌ని కాదు.

మన జట్టులోనూ అంతే. వింగర్‌కి వెనక్కి వచ్చే పని స్పష్టంగా చెప్పాలి. అతను రాలేని పక్షంలో ఫుల్ బ్యాక్ ఇద్దరిలో ఎవరి మీదికీ దూకకుండా, మధ్యలో నిలిచి, అడుగు అడుగుగా వెనక్కి జరుగుతూ సమయం కొనుక్కోవాలి. బాక్స్ గీత దాకా వచ్చాక ఇక జరగడానికి చోటు ఉండదు, అక్కడ గోల్‌కి దగ్గరున్నవాడిని పట్టుకోవాలి.

చిన్నవి మరికొన్ని

ఫౌల్స్ ఎక్కువైతే కోపం అనుకోకండి, ఆలస్యం అనుకోండి. చోటు సరిగా ఉన్నవాడికి చొక్కా పట్టుకునే అవసరం రాదు.

చివరి పదిహేను నిమిషాల్లో జారిపోతుంటే వాడు ఎన్నిసార్లు పైకి వెళ్లాడో లెక్కపెట్టండి. మన ఉక్కపోతలో ప్రతి దాడికీ వెళ్లి రావడం ఎవరివల్లా కాదు. ఒక ఫుల్ బ్యాక్ వెళ్తే రెండోవాడు ఆగాలి. వెనక్కి వచ్చేటప్పుడు బంతి వెనక పడకుండా నియర్ పోస్ట్ (బంతికి దగ్గరున్న గోల్ పోస్ట్) వైపు అడ్డదారిన రావాలి. మా వాడి ఆ అర అడుగు తేడా అక్కడే వచ్చింది. బంతి వెంట లైన్ దాకా వెళ్లి తిరిగాడు.

మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎత్తు బంతులు అనుకున్న చోట పడవు. వచ్చే బంతికి గాలి ఎదురైతే ఒక గజం ముందు, బంతి వెనక నుంచి గాలి తోస్తుంటే ఒక గజం వెనక నిలబడమనండి. తడి నేల మీద స్టడ్స్‌కి పట్టిన బంకమట్టి ఆట ఆగినప్పుడల్లా గీక్కోవాలి.

వాడికి చెప్పేటప్పుడు

అందరి ముందూ వద్దు. మూడు ముక్కలు మాత్రమే చూపించండి, అందులో రెండు వాడు బాగా చేసినవి. ముందు మీరేమీ అనకుండా "ఇక్కడేం జరిగిందిరా?" అని అడగండి.

సెమీఫైనల్ మర్నాడు సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టి, ముందు నిన్న అరిచింది తప్పని చెప్పాను. తర్వాత ఆ గోల్ వీడియో పెట్టాను. వాడు క్రాస్ దాకా పోనివ్వలేదు. నేను ఆపిన చోటు కంటే రెండు సెకన్లు ముందే వేలు పెట్టి ఆపేశాడు. "ఇక్కడే కదండీ మాస్టారూ, నేను అడ్డంగా లోపలికి పరిగెత్తాల్సింది?" అన్నాడు.

"అవున్రా" అన్నాను.

"ఆయ్," అని ఫోన్ తీసుకుని, ఆ ముక్క మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు.