రెండో సవరణ అసలు ఉద్దేశంపై వాదించడానికి సిద్ధం కావడం ఎలా

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా నెల్లూరు, ఒంగోలు, కావలి ఇళ్లలో ముందు ఫోన్లు మోగుతాయి. పిల్లలు క్షేమమని తెలిశాక, ఆ దేశ రాజ్యాంగం తన రెండో సవరణతో పౌరులకు తుపాకులు ఎందుకు ఇచ్చిందన్న వాదన మొదలవుతుంది. కళాశాల చర్చా పోటీలలో కూడా ఈ విషయం అంశంగా వస్తూ ఉంటుంది. అటువంటి పోటీకి సిద్ధమయ్యే విద్యార్థులను, వారిని తయారుచేసే అధ్యాపకులను ఉద్దేశించి రాసినది ఇది.

అంశంలో "అసలు ఉద్దేశం" అన్న మాట ఉంటే, ముందుగా దాని హద్దులు గీసుకోవాలి. ఈనాడు తుపాకులు ఉండాలా, నిషేధించాలా అన్నది వేరే ప్రశ్న. 1791లో ఆ సవరణ వాక్యాన్ని అమెరికా రాజ్యాంగంలో ఎందుకు చేర్చారన్నదే మీ ప్రశ్న. ఇందులోనూ రెండు పాయలున్నాయి. చేర్చడానికి కారణం ఏమిటన్నది ఒకటి, చేర్చిన మాటలు ఎంతమేరకు వర్తిస్తాయన్నది మరొకటి. ఈ రెండింటినీ కలిపేసిన జట్టు ఎంత ధాటిగా మాట్లాడినా ఖండన ఘట్టంలో చిక్కుకుంటుంది. సైమన్ కమిషన్ నాడు తుపాకీకి ఎదురుగా ఛాతీ చూపిన ప్రకాశం పంతులు గారి ప్రస్తావన మన జిల్లాలో చప్పట్లు తెస్తుంది గాని, అమెరికా సవరణ ఉద్దేశం గురించి అది ఏమీ చెప్పదు కాబట్టి దాన్ని వదిలేయడమే మంచిది.

తరువాత మూలపాఠాన్ని కంఠస్థం చేయాలి. ఇంగ్లీషులో అది 27 పదాల ఒకే వాక్యం. దాని భావం ఇది: సువ్యవస్థితమైన మిలీషియా (అవసరమైనప్పుడు ఆయుధం పట్టే సాధారణ పౌరుల దళం) స్వేచ్ఛాయుత రాజ్య భద్రతకు అవసరం గనుక, ఆయుధాలు ఉంచుకోవడానికీ ధరించడానికీ ప్రజలకు గల హక్కుకు భంగం కలిగించరాదు. మొదటి భాగం మిలీషియాను చెబుతుంది, రెండో భాగం ప్రజల హక్కును చెబుతుంది. రెండు శతాబ్దాలకు పైబడిన వివాదమంతా ఈ రెండు భాగాలకు మధ్య గల సంబంధం మీదనే నడుస్తున్నది.

చరిత్ర విషయంలో తేదీల జాబితా కంటే భయాల క్రమం తెలియడం ముఖ్యం. రాజు చేతిలోని శాశ్వత సైన్యమంటే ఇంగ్లండు వారికి 17వ శతాబ్దం నుంచీ అనుమానమే. 1689 నాటి హక్కుల చట్టం ప్రొటెస్టెంటు ప్రజలకు, వారి స్థితికి తగినట్లు, చట్టం అనుమతించిన మేరకు ఆయుధాలు ఉండవచ్చునన్నది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాల్లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైనది కూడా, వలస ప్రజలు దాచుకున్న ఆయుధ సామగ్రిని పట్టుకోవడానికి బ్రిటిషు సైన్యం కదిలినప్పుడే. అయితే మన అంశానికి అంతకంటే దగ్గరిది 1787 నాటి భయం. కొత్త రాజ్యాంగం మిలీషియాను వ్యవస్థీకరించే, దానికి ఆయుధాలు సమకూర్చే అధికారాన్ని కేంద్ర శాసనసభకు ఇచ్చింది. ఆ అధికారం చేతిలో ఉన్నవారు మిలీషియాను పట్టించుకోకుండా వదిలేసి, రాష్ట్రాలను నిరాయుధం చేస్తే దిక్కేమిటని 1788లో ఆ రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని చర్చించిన వర్జీనియా సభలో, దాన్ని వ్యతిరేకించిన జార్జ్ మేసన్, పాట్రిక్ హెన్రీ నిలదీశారు. వెంకటగిరి సంస్థాన చరిత్ర తెలిసిన శ్రోతలకు ఈ భయాన్ని వివరించడం సులువు: 1802లో కంపెనీ సనదు (జమీందారీ హక్కు పత్రం) ఇచ్చినప్పుడు జమీందారు చేయవలసిన సైనిక సేవకు బదులు సొమ్ము కట్టించుకున్నది, దానితో బలగం ఎవరిది, అధికారం ఎవరిది అన్న లెక్క మారిపోయింది.

మిలీషియా అంటే ఏమిటో న్యాయనిర్ణేతలకు కళ్లకు కట్టాలంటే 1792 నాటి మిలీషియా చట్టాన్ని చూపండి. 18 ఏళ్లు నిండి 45 నిండని, దృఢకాయుడైన ప్రతి స్వేచ్ఛా శ్వేతజాతి పురుషుడూ తన ఖర్చుతో మంచి మస్కెట్టు (పాతకాలపు పొడవాటి తుపాకీ), బయొనెట్టు (దాని కొసకు తగిలించే కత్తి), బెల్టు, రెండు అదనపు చెకుముకి రాళ్లు, వీపుసంచి, కనీసం 24 తూటాలు పట్టే పెట్టె సమకూర్చుకోవాలని అందులో ఉంది. ఇంట్లోని సొంత తుపాకీయే రాజ్య రక్షణ సాధనమన్నమాట. ఈ ఒక్క వివరం ఇరుపక్షాలకూ పనికొస్తుంది కాబట్టి, దాన్ని ఎదుటి జట్టు ఎత్తుకోకముందే మీరే ప్రస్తావించడం మేలు.

ఉద్దేశం మిలీషియా రక్షణేనని వాదించే జట్టుకు బలమైన ఆధారం, ఈ సవరణలను ప్రతిపాదించిన జేమ్స్ మాడిసన్ 1789 జూన్ 8న ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన ముసాయిదా. మత విశ్వాసం వల్ల ఆయుధం పట్టడానికి ఇష్టపడని వ్యక్తిని స్వయంగా సైనిక సేవ చేయమని నిర్బంధించరాదన్న మాట అందులో ఉండేది. యుద్ధాన్ని నిరాకరించే క్రైస్తవ శాఖ క్వేకర్ల వంటి వారి కోసం ఉద్దేశించిన ఆ మినహాయింపు తుది పాఠంలో లేదు గాని, ఆయుధం పట్టడమంటే అక్కడ సైనిక సేవ అన్న అర్థమే కనిపిస్తుంది. దక్షిణ రాష్ట్రాలకు బానిసలపై నిఘా పెట్టే గస్తీల కోసం మిలీషియా కావలసి వచ్చిందన్న వాదం కూడా ఉంది. గస్తీలు వాస్తవమే అయినా, సవరణకు అదే ప్రధాన కారణమా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు కాబట్టి దాన్ని ప్రధాన స్తంభంగా నిలబెట్టకండి.

వ్యక్తిగత హక్కు పక్షాన వాదించేవారు 1776 నాటి పెన్సిల్వేనియా హక్కుల ప్రకటనతో మొదలుపెట్టాలి. ప్రజలకు తమ రక్షణకూ రాష్ట్ర రక్షణకూ ఆయుధాలు ధరించే హక్కు ఉందని అది చెబుతుంది. దానికి జవాబుగా ఎదుటివారు, ఉమ్మడి రక్షణ కోసం అని స్పష్టంగా రాసుకున్న 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగాన్ని తెస్తారు. అప్పుడు, 1789లో "ఉమ్మడి రక్షణ కోసం" అన్న మాటను ఈ సవరణలో చేర్చాలన్న ప్రతిపాదనను సెనేటు తిరస్కరించిన విషయాన్ని బయటికి తీయాలి. ఆ తిరస్కారానికి సెనేటు కారణం నమోదు చేయలేదని ప్రత్యర్థి అంటే, ఒప్పుకొని ముందుకు సాగండి.

న్యాయస్థానాల తీర్పులలో అమెరికా సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన హెల్లర్ తీర్పును పూర్తిగా చదవకుండా వేదిక ఎక్కరాదు. 5-4 ఆధిక్యంతో వచ్చిన ఆ తీర్పు ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకునే వ్యక్తిగత హక్కును గుర్తించింది. చాలామంది అంతవరకే చెప్పి ఊరుకుంటారు. కాని ఆధిక్య తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా ఆ హక్కును రాజ్యాంగంలోకి ఎక్కించడానికి ప్రకటిత ఉద్దేశం మిలీషియా నిర్మూలనను నివారించడమేనని అంగీకరించి, హక్కు మాత్రం అంతకు ముందునుంచే ఉన్నదనీ, ప్రజలు దాన్ని ఆత్మరక్షణకూ వేటకూ ఇంకా ఎక్కువ విలువైనదిగా భావించారనీ అన్నారు. నేను ముందు చెప్పిన రెండు పాయలు ఇక్కడ విడివిడిగా కనిపిస్తాయి. మిలీషియా పక్షం వారు ఈ అంగీకారాన్ని పట్టుకోవాలి. వ్యక్తిగత పక్షం వారు, రాసిన కారణం హక్కు మొత్తానికి హద్దు కాదని వాదించాలి. జస్టిస్ స్టీవెన్స్ భిన్నాభిప్రాయాన్ని కూడా చదివితే ఖండనకు కావలసిన సరుకు దొరుకుతుంది.

నిరంకుశ ప్రభుత్వంపై తిరగబడడానికే ఈ హక్కు అన్న వాదం వేదిక మీద తప్పకుండా వస్తుంది. కొత్త రాజ్యాంగానికి మద్దతుగా రాసిన ఫెడరలిస్టు వ్యాసాలలో 46వ దానిలో మాడిసన్ సాయుధ ప్రజలనూ, రాష్ట్ర ప్రభుత్వాలనూ కేంద్ర సైన్యానికి అడ్డుకట్టగా చూపిన మాట నిజమే. అయితే అదే రాజ్యాంగం తిరుగుబాట్లను అణచడానికి మిలీషియాను పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 1794లో విస్కీ పన్నుపై పెన్సిల్వేనియా రైతులు తిరగబడినప్పుడు అధ్యక్షుడు వాషింగ్టన్ సుమారు 13,000 మంది మిలీషియాతో బయలుదేరాడు. సవరణ అమల్లోకి వచ్చి అప్పటికి మూడేళ్లయినా నిండలేదు.

చివరిలో న్యాయనిర్ణేత మన దేశం సంగతి అడగడం పరిపాటి. జవాబు క్లుప్తంగా ఉండాలి. 1878 నాటి ఆయుధాల చట్టంపై ఉన్న ఆగ్రహంతో 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడిన ఆయుధ హక్కును కోరింది. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని 1948 డిసెంబరులో ప్రతిపాదించినా సభ ఒప్పుకోలేదు. 19వ అధికరణం మనకు ఇచ్చినది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. తుపాకీ కావలసినవారు 1959 నాటి చట్టం కింద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.