ప్రతి టేబుల్‌కీ ఐడెంటిటీ కాలమ్ కావాలా?

కొత్త టేబుల్ అనగానే చెయ్యి దానంతటదే ఐడీ కాలమ్ (డేటాబేస్ తనంతట తానే వరుస నంబర్లు వేసే ఐడెంటిటీ కాలమ్) టైప్ చేసేస్తుంది, నాకూ అదే అలవాటు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎప్పటికీ మారని, ఖాళీగా ఉండని, ఒక్కో వరుసకి ఒక్కటే ఉండే చిన్న విలువ ఏదైనా డేటాలోనే ఉందా? దేశాల టేబుల్‌లో రెండక్షరాల కోడ్ ఉంది, దాన్నే ప్రైమరీ కీ (ఒక్కో వరుసని గుర్తుపట్టే విలువ) చేసేయండి. కస్టమర్ల టేబుల్‌లో ఈమెయిల్? వద్దు, అది మారుతుంది, మారిన రోజున దాన్ని ఫారిన్ కీగా (వేరే టేబుల్‌లోని వరుసను చూపించే విలువగా) పట్టుకున్న టేబుళ్లన్నీ మార్చుకుంటూ పోవాలి. అక్కడ ఐడెంటిటీయే నయం.

అసలు తప్పు జరిగేది లింక్ టేబుళ్లలో, అంటే రెండు టేబుళ్లను జతచేసే వాటిలో. విద్యార్థి ఐడీ, కోర్సు ఐడీ ఉన్న టేబుల్‌కి మూడో ఐడీ ఒకటి తగిలించి, ఆ జంట మీద యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే నియమం) పెట్టడం మర్చిపోయారనుకోండి, విద్యార్థి 7, కోర్సు 12 అనే జంట రెండుసార్లు ఎక్కినా డేటాబేస్ కిక్కురుమనదు. ఆ రెండు కాలమ్‌లూ కలిపే ప్రైమరీ కీ పెట్టండి. ఆ వరుసను వేరే టేబుల్ రిఫర్ చేయాల్సి వస్తే ఐడీ పెట్టుకోవచ్చు, యూనిక్ మాత్రం తీసేయకండి. (కస్టమర్ల ఈమెయిల్‌కీ అంతే, యూనిక్ ఉండాలి.)

ఇన్సర్ట్ (కొత్త వరుస చేర్చడం) రోల్‌బ్యాక్ అయినా, అంటే మధ్యలో రద్దయినా, వాడేసిన నంబర్ వెనక్కి రాదు, మధ్యలో ఖాళీలు మామూలే, కాబట్టి ఐడెంటిటీని ఇన్‌వాయిస్ నంబర్‌గా వాడకండి. ఇంట్ (మామూలు పూర్ణాంకాల కాలమ్ రకం) సుమారు 214 కోట్ల దగ్గర ఆగిపోతుంది. లాగ్ లాంటి వేగంగా పెరిగే టేబుల్‌కి మొదట్లోనే ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే బిగ్‌ఇంట్ ఇచ్చేయండి.