జపాన్ సీరియళ్లు చూడదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలి

విజయవాడ, గుంటూరు ఇళ్లలో కొరియా సీరియళ్లు చూడడం ఇప్పుడు మామూలైంది. ఆ ఊపులో జపాన్ సీరియళ్ల వైపు మళ్లినవారిలో చాలామంది రెండు ఎపిసోడ్లు చూసి, కథ నడవడం లేదంటూ ఆపేస్తున్నారు. చేతికి ఏది దొరికితే దానితో మొదలుపెట్టడం వల్ల ఈ చిక్కు వస్తోందని నా నమ్మకం. ఏది ముందు చూడాలి, ఏది కొంత అలవాటు పడ్డాక చూడాలి, చూస్తున్నప్పుడు దృష్టి దేనిమీద నిలపాలి అన్న విషయాల్లో నా అభిప్రాయాలను కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది నిడివి. జపాన్ ఛానళ్లు ఏడాదిని జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్‌లలో మొదలయ్యే నాలుగు భాగాలుగా చేసుకుని, రాత్రివేళ వచ్చే సీరియల్‌ను వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున సుమారు మూడు నెలల్లో ముగిస్తాయి. అందువల్ల చాలావాటికి పది, పదకొండు ఎపిసోడ్లే ఉంటాయి. ఆదరణ బాగుందని కథను ఏళ్ల తరబడి సాగదీయడం లేదు కాబట్టి, మొదటి ఎపిసోడ్‌లో ఊరికే కనబడిన వస్తువుకూ సగంలో ఆగిపోయిన మాటకూ చివర్లో పని పడుతుంది. వంటింట్లో పోపు వేస్తూ చెవిని మాత్రం టీవీకి అప్పగించే అలవాటు వీటికి సరిపడదు. రాత్రి భోజనాలు ముగిశాక, ఫోన్లు పక్కన పెట్టి, రోజుకు ఒక్క ఎపిసోడ్ చూడడం మంచిది. సెలవు రోజున కూర్చుని ఆరేడు ఎపిసోడ్లు వరసగా చూసేవారికి కథ గుర్తుంటుందేమో గానీ మనుషులు గుర్తుండరు.

ఇంగ్లీషు డబ్బింగ్ దొరికినా అసలు గొంతులతోనే చూడండి. పై అధికారి ముందు గొంతు ఎంత తగ్గుతోంది, ఇంట్లో ఎంత పెరుగుతోంది అన్నదానిలోనే సగం కథ ఉంటుంది. డబ్బింగ్‌లో అది పోతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ అరుదు కనుక ఇంగ్లీషువి చదువుకోవలసిందే. ఇంగ్లీషు చదవని అమ్మమ్మో అత్తయ్యో పక్కన ఉంటే, ప్రతి మాటకూ అర్థం చెబుతూ పోకుండా, సన్నివేశం పూర్తయ్యాక ఒక్క క్షణం ఆపి రెండు మాటల్లో చెప్పండి. పాత్రల పేర్ల విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. జపాన్‌వారు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత పెట్టుకుంటారు. పరిచయం తక్కువగా ఉన్నంతకాలం ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఒక పాత్ర మరొకరిని మొదటిసారి సొంత పేరుతో పిలిచిందంటే ఆ ఇద్దరి మధ్య ఏదో మారిందన్నమాట. అక్కడ చెవులు రిక్కించి వినాలి. (ఈ వ్యాసంలో నటుల, రచయితల పేర్లను మాత్రం ఇంగ్లీషు పద్ధతిలో, సొంత పేరు ముందు పెట్టి రాశాను.)

మొదట చూడవలసింది 'మిడ్‌నైట్ డైనర్' అని నేను గట్టిగా చెబుతాను. యారో అబే బొమ్మల కథల ఆధారంగా 2009లో టీవీలో మొదలై, 2016 నుంచి 'టోక్యో స్టోరీస్' పేరుతో నెట్‌ఫ్లిక్స్‌లో కొనసాగింది. టోక్యోలోని షింజుకు ప్రాంతంలో ఒక సందులో చిన్న హోటల్. రాత్రి 12కు తెరిచి ఉదయం 7కు మూస్తారు. గోడమీద రాసి ఉన్న భోజనం ఒక్కటే, పంది మాంసం వేసిన మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌తో వడ్డించేది. అయినా సరుకులుంటే, ఎవరేమి అడిగితే అది యజమాని వండిపెడతాడు. ఆ యజమానిగా కవోరు కొబయాషి నటన చూసి తీరాలి. అతను సలహాలు ఇవ్వడు, కన్నీళ్లు తుడవడు. పళ్లెం ముందు పెట్టి సిగరెట్ వెలిగించుకుంటాడు. మొదటి ఎపిసోడ్‌లో నల్ల కళ్లద్దాల రౌడీ ఒకడు వచ్చి, పిల్లల డబ్బాల్లో పెట్టే ఎర్ర సాసేజ్‌లను ఆక్టోపస్ ఆకారంలో కోసి వేయించి ఇమ్మంటాడు. అతని పక్కన కూర్చునే వ్యక్తికి తీపి గుడ్డట్టు ఇష్టం. వాళ్లిద్దరూ ఒకరి పళ్లెంలోంచి ఒకరు తీసుకోవడంతో స్నేహం మొదలవుతుంది. మరో కథలో ముగ్గురు స్నేహితురాళ్లు అన్నం మీద వేడివేడి టీ పోయించుకుని, ఒకరు ఊరవేసిన పండుతో, ఒకరు సాల్మన్ చేపతో, ఒకరు చేప గుడ్లతో తింటారు. టీ పోసిన అన్నం గుంటూరువారికి వింతగా తోచినా, ముగ్గురూ ఎప్పుడూ తమతమ రకమే అడగడం చూశాక ఆ వింత పోతుంది. ఎపిసోడ్ అరగంటకు మించదు, దేని కథ దానిదే. నాలుగైదు చూసేసరికి మాటల మధ్య మౌనానికి కన్ను అలవాటు పడుతుంది. తర్వాత చూసేవాటికి అదే పెట్టుబడి.

మౌనం మాకు పడదనేవారు 'హంజావా నవోకి'తో మొదలుపెట్టవచ్చు. జున్ ఇకెయిదొ నవలల ఆధారంగా 2013లో టీబీఎస్ ఛానల్‌లో వచ్చిన ఈ పది ఎపిసోడ్ల సీరియల్ చివరి ఎపిసోడ్‌కు టోక్యో పరిసరాల్లో 42.2 శాతం రేటింగ్ వచ్చింది. ఒసాకాలోని ఒక బ్యాంకు శాఖలో, మేనేజర్ ఒత్తిడితో ఒక ఉక్కు కంపెనీకి 50 కోట్ల యెన్లు పూచీ లేకుండా అప్పు ఇస్తారు. కంపెనీ దివాలా తీయగానే నేరమంతా రుణ విభాగం చూసే హంజావా నెత్తిన పడుతుంది. మొదటి ఐదు ఎపిసోడ్లు ఒసాకాలో, మిగిలిన ఐదు టోక్యో ప్రధాన కార్యాలయంలో జరుగుతాయి కాబట్టి ఐదు చూసి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. బ్యాంకులో పనిచేసినవారు ఇంట్లో ఉంటే వారిని తప్పక కూర్చోబెట్టండి. తనిఖీ సన్నివేశాల్లో ఫైళ్లు దాచే పద్ధతిని వారు చూసినంత ఆసక్తిగా మరొకరు చూడలేరు. హంజావాగా మసాతో సకాయి కళ్లతో చేసే కోపం నాకు చాలా ఇష్టం. విలన్లు మితిమీరి అరుస్తారన్న విమర్శను మాత్రం ఒప్పుకుంటాను. 2020లో వచ్చిన రెండో భాగంలో ఆ అరుపులు ఇంకా పెరిగాయని నా అభిప్రాయం. మొదటి భాగం నచ్చినవారే దానికి వెళ్లాలి.

తేలికైన కథ కావాలంటే 2016లో వచ్చిన 'నిగేరు వా హజి దగా యకు ని తత్సు' ఉంది. పెద్ద చదువు చదివినా ఉద్యోగం దొరకని అమ్మాయి ఒక ఇంజనీరు ఇంట్లో జీతానికి ఇంటిపనికి చేరి, ఆ ఉద్యోగాన్నే ఒప్పందపు పెళ్లిగా మార్చుకుంటుంది. ఇంటిపనికి విలువ ఎంత అన్న ప్రశ్నను చివరిదాకా వదలకపోవడం దీని బలం. యుయి అరగాకి, గెన్ హొషినో జంట చక్కగా కుదిరింది. కొత్తగా పెళ్లయిన దంపతులు కలిసి చూడదగ్గది.

వీటితో చేయి తిరిగాక 'క్వార్టెట్' చూడాలి. 2017లో యూజి సకమోతో రాసిన ఈ పది ఎపిసోడ్ల కథ నా దృష్టిలో అన్నిటికన్నా ఉత్తమం, కానీ మొదట చూస్తే సగం అందదు. ముప్పైల్లో ఉన్న నలుగురు వాద్యకారులు చలికాలంలో కరుయిజావా అనే కొండ ఊరిలో ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్లు అనుకోకుండా కలిశామని చెప్పుకుంటారు. ఆ మాట ఎంత నిజమో కనిపెట్టడం ప్రేక్షకుడి పని. మొదటి ఎపిసోడ్‌లోనే కోడి వేపుడు పళ్లెం వస్తుంది. ఇద్దరు ఎవరినీ అడగకుండా ముక్కలన్నిటిమీదా నిమ్మరసం పిండుతారు, మిగతా ఇద్దరు నొచ్చుకుంటారు. బెజవాడలో వేపుడు బల్లమీదికి వస్తే నిమ్మచెక్క పిండడానికి ఎవరూ అనుమతి అడగరు కనుక ఇదేమి పట్టింపు అనిపించవచ్చు. ఆ చర్చను తొందరపడి దాటవేయవద్దు. పెళ్లి గురించీ, అడగకపోవడం వల్ల తెగిపోయే బంధాల గురించీ తర్వాత వచ్చేదంతా ఆ పళ్లెంలోనే మొదలైంది. నటీమణులు తకాకో మత్సు, హికరి మిత్సుషిమా పక్కపక్కన కూర్చుని తినే సన్నివేశాలన్నిటినీ ఇంతే శ్రద్ధగా చూడండి.

అదే మిత్సుషిమా 2022లో నెట్‌ఫ్లిక్స్ తీసిన 'ఫస్ట్ లవ్'లో కథానాయిక. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కయిదో దీవి మంచు దృశ్యాలు, ఆమె నటన గొప్పగా ఉన్నాయి. కాకతాళీయాలు మాత్రం ఎక్కువయ్యాయి. తొమ్మిది ఎపిసోడ్లూ కాలంలో ముందుకూ వెనక్కూ దూకుతుంటాయి కనుక రోజులు ఎడం పెట్టకుండా చూడాలి. 2005 నాటి 'వన్ లీటర్ ఆఫ్ టియర్స్' గురించి ఒక హెచ్చరిక చేయాలి. చిన్న మెదడు క్రమంగా క్షీణించే వ్యాధి సోకిన ఒక అమ్మాయి నిజమైన డైరీ దానికి ఆధారం. చాలా నిజాయితీగా తీశారు. ఇంట్లో దీర్ఘకాలం మంచాన ఉన్నవారు ఉంటే ఇప్పుడు చూడవద్దు. చూసేవారు నడక గురించిన దృశ్యాలను గమనించండి. స్కూలు మెట్లు, రోడ్డు దాటడం వంటివే అక్కడ పెద్ద సంఘటనలు.

చివరిగా 'ఒషిన్'. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి దాకా ఆదివారాలు తప్ప రోజూ ఉదయం పదిహేను నిమిషాల చొప్పున 297 ఎపిసోడ్లు ప్రసారం చేసింది. మొత్తం సుమారు 74 గంటలు. సుగాకో హషిదా రాసిన ఈ కథకు సగటున 52.6 శాతం రేటింగ్ వచ్చింది. యమగాత ప్రాంతపు కౌలు రైతు కూతురు, ఏడేళ్ల పిల్ల, ఒక బస్తా బియ్యానికి కలప వ్యాపారి ఇంట ఏడాది పనికి వెళుతుంది. తెప్పమీద నదిలో సాగిపోతున్న కూతురి వెంట ఒడ్డున తండ్రి పరుగెత్తే దృశ్యం, ఇంట్లో బియ్యం చాలక ముల్లంగి కలిపి వండుకున్న అన్నం చూసినప్పుడు, కృష్ణా డెల్టాలో పాలేరుతనం ఎరిగిన పెద్దలకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. అందుకే దీన్ని ఇంట్లో అందరికన్నా పెద్దవారితో కలిసి చూడాలంటాను. చిన్ననాటి ఒషిన్‌గా అయాకో కొబయాషి కనిపించే తొలి ముప్పై చిల్లర ఎపిసోడ్లు ఒక ఘట్టం. అంతవరకు రోజుకు రెండు చొప్పున చూడవచ్చు. యవ్వన దశలో యూకో తనాకా వచ్చాక రోజుకు ఒకటి చాలు. నడుమ వ్యాపారపు భాగం కాస్త నెమ్మదిస్తుంది, అయినా అక్కడ ఆపవద్దు. బియ్యం, అప్పు, లాభం అన్న మూడింటి మీదా తర్వాత తల్లి అయిన ఒషిన్ తన పిల్లలతో పడే ఘర్షణ అర్థం కావాలంటే ఆ భాగం చూసి ఉండాలి. పెద్దవారు మధ్యలో తమ చిన్ననాటి సంగతి ఏదైనా ఎత్తుకుంటే సీరియల్ ఆపి వినండి. మిగిలిన ఎపిసోడ్ మర్నాడు చూసుకోవచ్చు.