బాస్కెట్‌బాల్ పాఠాలు – 4: ఎడమ చేయి

కిందటి పాఠంలో కాళ్ల సంగతి చూశాం. మోకాళ్లు వంచి నిలబడటం, రెండు పాదాలమీద ఒకేసారి ఆగడం, ఒక పాదాన్ని నేలకు పాతినట్టు ఉంచి రెండోదాన్ని తిప్పడం. వారం రోజులు అవి చేసి ఉంటే తొడలు నొప్పి పుట్టి ఉండాలి. పుట్టలేదంటే ఇంకా నిటారుగానే నిలబడుతున్నావు. మరో రెండు రోజులు అదే చేసి, తర్వాత ఇక్కడికి రా.

ఈసారి ఎడమ చేయి. కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నీది పుర్రచేతి వాటమైతే ఎడమ అన్నచోట కుడి అనీ, కుడి అన్నచోట ఎడమ అనీ చదువుకో.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా సిమెంటు కోర్టుకు కొత్తగా వచ్చే పిల్లలు, బంతి ఎడమవైపు వెళ్లిందంటే చాలు, ఒళ్లంతా తిప్పుకుని దాన్ని కుడిచేతికే తెచ్చుకుంటారు. వాళ్ల తప్పు కాదు. ఎడమ చేత్తో ఇస్తే అమ్మమ్మ పుచ్చుకోదు. ఎడమ చేయి చాపితే దుకాణంలో చిల్లర చేతిలో పడదు. పదేళ్లు వెనక దాచిన చేతిని ఇప్పుడు అందరి ముందుకూ రమ్మంటే సిగ్గుపడుతుంది. దాన్ని బలహీనమైన చేయి అనడం నాకు ఇష్టం ఉండదు. అది సిగ్గుపడే చేయి. బలం వేరే విషయం, బావి దగ్గర రెండు చేతులూ ఒకేలా చేంతాడు లాగుతాయి కదా.

నువ్వు బడిలో మొదటిసారి ఒడియా మాట్లాడిన రోజు గుర్తు తెచ్చుకో. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, తరగతిలో ఒడియా. అన్నీ అర్థమవుతున్నా నోరు పెగలదు. ఎవరైనా నవ్వుతారేమోనని తలాడించి ఊరుకుంటాం. ఆ తర్వాత ఏ నెలలోనో, మనకే తెలియకుండా తడబాటు పోతుంది. వ్యాకరణం పూర్తిగా నేర్చుకున్నాక నోరు తెరిచినవాళ్లు మన ఊళ్లో ఒక్కరూ లేరు. తప్పులతో మాట్లాడుతూ ఉండగానే వచ్చింది. మహేంద్రతనయ నదికి ఇవతల పెరిగిన పిల్లలకు ఈ పని చేతనవును. ఒకసారి నాలుకతో చేసిందే, ఇప్పుడు చేత్తో చెయ్యాలి.

పద్నాలుగేళ్లప్పుడు నాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. బరంపురంలో బడుల మధ్య పోటీ. మొదటి సగంలో నేను బాగానే ఆడాను, ప్రతిసారీ కుడివైపు నుంచే దూసుకెళ్లాను. రెండో సగంలో అవతలి జట్టు కుర్రాడు ఒక చిన్న మార్పు చేశాడు. నాకు ఎదురుగా నిలబడటం మాని, నా కుడివైపు అర అడుగు జరిగి నిలబడ్డాడు. అంతే. ఎడమవైపు దారి బార్లా తెరిచి ఉంది, నేను వెళ్లలేకపోయాను. వరసగా బంతి పోగొట్టుకున్నాను, బయట కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చే బస్సులో దారంతా ఆ తెరిచి ఉన్న దారే కళ్లముందు కనిపించింది. ఆ కుర్రాడు నాకంటే వేగంగా పరుగెత్తలేదు, కాస్త చూశాడు, గమనించాడు. నీకు ఎదురుగా నిలబడేవాడు కూడా చూస్తాడు. రెండు చేతులూ వచ్చినవాడి ముందు అర అడుగు ఎటు జరగాలో అడ్డుకునే డిఫెండర్‌కు తేలదు.

ఇక సాధన. రోజుకు 20 నిమిషాలు చాలు. మే నెలలో అయితే ఎండ ఎక్కకముందే. రింగ్ అక్కరలేదు, గట్టి నేల ఉంటే చాలు. బంతిలో గాలి చూసుకో: తల ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేవాలి. పన్నెండేళ్లలోపు వాళ్లు 5వ నంబరు బంతి వాడాలి. అన్నయ్య 7వ నంబరు బంతి చిన్న చేతిలో పట్టదు, పట్టనిదాన్ని అరచేత్తో బాదడం అలవాటవుతుంది, ఆ అలవాటు మాన్పడానికి నాకు నెలలు పడుతుంది.

బంతిని కొట్టేది అరచేయి కాదు, విప్పిన వేళ్ల మెత్తలు. మణికట్టు నుంచి నేలకు తోస్తావు, పైకి వచ్చేటప్పుడు వేళ్లతోనే అందుకుని మళ్లీ తోస్తావు. శబ్దం విను. అరచెయ్యి తగిలితే చప్పట్లా వినిపిస్తుంది, వేళ్లు తగిలితే దాదాపు ఏమీ వినిపించదు. బంతి కిందికి చెయ్యి పోనివ్వకు. అలా మోస్తే రిఫరీ ఊదుతాడు, బంతి అవతలివాళ్లకు పోతుంది. ఎడమ చేతికి ఈ తప్పు ఎక్కువ, ఎందుకంటే భయపడ్డ చేయి బంతిని పట్టుకోవాలని చూస్తుంది.

ముందు నిలబడి ఎడమ చేత్తో నడుము ఎత్తులో 50, మోకాలి ఎత్తులో 50, చీలమండ ఎత్తులో 20. కుడిచేతికి అందులో సగం. కుడి చేయి ఖాళీగా ఉన్నప్పుడు వేలాడనీయకు, మోచేయి వంచి ముందు అడ్డంగా ఉంచు. అక్కడ డిఫెండర్ ఉన్నాడనుకో.

తర్వాతది కళ్ల పని. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే విలువైనది ఇదే. తమ్ముడినో చెల్లినో ఎదురుగా నిలబెట్టు. వాళ్లు వేళ్లు చూపిస్తూ ఉంటారు, నువ్వు బంతి ఆపకుండా ఎన్నో చెప్పాలి. వాళ్లు కుడి చేయి చూపితే తెలుగులో, ఎడమ చేయి చూపితే ఒడియాలో: ఎకొ, దుయి, తిని. మొదటి రోజు బంతి పాదానికి తగిలి వీధి చివరికి పోతుంది. పోనీ, తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టు. బుర్ర లెక్కల్లో మునిగిందంటే చేతిని కాపలా కాయడం మానేస్తుంది. చేయి తన పని తాను నేర్చుకునేది అప్పుడే.

రింగ్ ఉన్నవాళ్లకు ఎడమ లేఅప్ కూడా, అంటే రింగ్ దగ్గరికి వెళ్లి ఎగిరి ఎడమ చేత్తో బంతి వేయడం. ఎడమ పాదం, కుడి పాదం, కుడి పాదం మీదనుంచి ఎగరడం, ఎడమ మోకాలు పైకి, ఎడమ చేత్తో బంతిని బోర్డుమీది చిన్న దీర్ఘచతురస్రం పై మూలకు ఆనించడం. మొదట బంతి లేకుండా నడుస్తూ అడుగులు మాత్రమే వెయ్యి. రింగ్ 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిన్నవాళ్లకు బంతి అంత దూరం వెళ్లకపోవచ్చు. అడుగులు కుదిరితే చాలు, ఎత్తు వయసుతో వస్తుంది.

ఒక మాట మధ్యలో. 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట తయారుచేసినప్పుడు బంతి కొట్టుకుంటూ వెళ్లడం అనేదే లేదు. పట్టుకున్న చోటునుంచే విసరాలి. దారి మూసుకుపోయిన ఆటగాళ్లు బంతిని తమకు తామే వేసుకుని ముందుకు కదలడం తర్వాత పుట్టింది. నాకు ఆ సంగతి ఎంతో ఇష్టం.

ఇంట్లో కూడా ఎడమ చేతికి పని ఇవ్వు. పళ్లు తోముకోవడం, తాళం తీయడం, చెంబుతో మొక్కలకు నీళ్లు పోయడం. అన్నం జోలికీ, ఇచ్చిపుచ్చుకోవడం జోలికీ వెళ్లకు. అమ్మమ్మ మాటకు అక్కడ ఎదురు చెప్పాల్సిన అవసరం ఆటకు లేదు.

పెరట్లో వచ్చిన చేయి ఆటలో మళ్లీ సిగ్గుపడుతుంది. అందుకే మా కోర్టులో ఒక నియమం పెట్టాం: సాయంత్రం ఆటలో మొదటి ఐదు నిమిషాలు ఎవరూ కుడిచేత్తో బంతి కొట్టకూడదు. బాగా ఆడేవాళ్లు కూడా బంతి జారవిడుస్తారు. అందరూ తడబడుతుంటే నవ్వడానికి ఎవరికీ తీరిక ఉండదు. గత ఏడాది మాటే వినిపించని ఒక అమ్మాయి ఈ ఐదు నిమిషాల్లోనే మొదటిసారి బంతి కోసం గట్టిగా అరిచింది. మీ స్నేహితులు నలుగురున్నా ఈ నియమం పెట్టుకోండి. పోటీ ఆటలో మాత్రం మొదటి వారం ఒక్కసారి ఎడమవైపు వెళ్తే చాలు. బంతి పోయినా లెక్కలోకి వస్తుంది.

ఆ లెక్కకు పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకో. తేదీ, బంతి చేయి జారకుండా ఎడమ చేత్తో వరసగా ఎన్ని కొట్టావో ఆ అంకె. వానపడి కోర్టు తడిస్తే సిమెంటుమీద పరుగెత్తకు, వరండాలో నిలబడి కొట్టు, అంకె మాత్రం రాయి. వచ్చే పాఠం పాస్‌ల గురించి. దానికి ఒక గోడ కావాలి, అవతలివైపు ఎవరూ నిద్రపోని గోడ చూసి పెట్టుకో.